మేడ మీద గదిలో క్రాసింగ్

ఒక రైలు గుండ్రంగా తిరగాలంటే లెగో సెట్ ఒకటి కొనుక్కుంటే చాలు. పెట్టె విప్పిన సాయంత్రానికే తిరిగేస్తుంది, మర్నాటికి విసుగొచ్చేస్తుంది. నాకు కావలసింది వేరు. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపు వెళ్లే ప్యాసింజర్లలో తిరుగుతూ పెరిగినవాణ్ణి. అప్పట్లో అది సింగిల్ లైను. బండి ఏ గజపతినగరంలోనో ఆగిపోతే ఎందుకని ఎవరూ కంగారు పడేవారు కాదు. "క్రాసింగ్" అని ఎవరో ఒకరు అనేవారు, సగం మంది దిగి చెట్టు నీడకి వెళ్లేవారు. ఎదురుబండి దడదడమని దాటిపోయాక మన బండి కూత వేసేది. ఆ క్రాసింగ్‌ని బల్ల మీద చూడాలని నా సరదా. రెండు బళ్లు, ఒకటే పట్టా, ఎదురెదురు ప్రయాణం. ముందొచ్చిన బండి స్టేషన్‌లో ఆగి రెండోదాని కోసం కాచుకోవాలి. నేను పక్కన కూర్చుని టీ తాగుతుండాలి తప్ప చెయ్యి పెట్టకూడదు.

ఇందులో కట్టడం ఎంత, ప్రోగ్రామింగ్ ఎంత అని చాలామంది అడుగుతుంటారు. రెండూ సగం సగం. కానీ చిక్కుముడి విడిపోయింది మాత్రం మా మావయ్య వల్ల. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఫోన్‌లో అలారం పెట్టాలన్నా నన్నే పిలుస్తారు. ఆయన మాట దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కొలతలు. లెగో ముక్క మీద ఉండే బొడిపెని స్టడ్ అంటారు. రెండు స్టడ్‌ల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, ఈ పనిలో లెక్కలన్నీ స్టడ్‌లలోనే నడుస్తాయి. లెగో పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. భాగిస్తే దాదాపు 45వ వంతు స్కేలు వస్తుంది. ఆ లెక్కన 21.3 మీటర్ల పొడవు, 3.25 మీటర్ల వెడల్పు ఉండే మన పాత నీలం ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల ఫ్యాక్టరీ) పెట్టె బల్ల మీద 60 స్టడ్‌ల పొడవు, 9 స్టడ్‌ల వెడల్పు ఉండాలి. కాగితం మీద బాగానే ఉంది. అయితే లెగో వంపు పట్టా వ్యాసార్ధం 40 స్టడ్‌లే, అంటే 32 సెంటీమీటర్లు. పదహారు వంపు ముక్కలు కలిపితే చక్రం పూర్తవుతుంది. అంత బిగుతు వంపులో అంత పొడుగు పెట్టె తిరిగితే నడుము లోపలికీ కొసలు బయటికీ వచ్చేసి పక్క లైన్లో ఉన్న బండిని గీరేస్తుంది. కింది చక్రాల ట్రాలీల మధ్య దూరం 24 స్టడ్‌లకి తగ్గించినా నడుము దాదాపు 2 స్టడ్‌లు లోపలికి జరుగుతుంది. 104 స్టడ్‌ల వ్యాసార్ధం ఉన్న వంపులు వేరే తయారీదారుల దగ్గర దొరుకుతాయి గానీ, ఆ చక్రం ఒక్కటీ పెట్టడానికే మీటరున్నర పైన చోటు కావాలి. మా గదిలో మంచం కూడా ఉండాలి కదా.

అందుకని 8 స్టడ్‌ల వెడల్పు, 34 స్టడ్‌ల పొడవు దగ్గర రాజీపడ్డాను. కిటికీలు తగ్గించాను, తలుపులు ఉంచాను. ముక్కలు కొనకముందే బ్రిక్‌లింక్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టె మొత్తం కంప్యూటర్ మీద కట్టి చూసుకున్నాను. ఐసీఎఫ్ పెట్టెకి ఆ పోలిక వచ్చేది పొడవు వల్ల కాదని అక్కడే అర్థమైంది. ముదురు నీలం మీద కిటికీల వరస వెంబడి ఉండే లేత నీలం పట్టీయే దాని మొహం. ఆ పట్టీ ఒక్క ప్లేటు మందం, అంటే 3.2 మిల్లీమీటర్లు, కిందికి దిగినా ఏదో పరాయి దేశపు బండిలా కనిపిస్తుంది. పైకి జరిపితే మళ్లీ మన ప్యాసింజరే. ఈ ఒక్క పట్టీ కోసం స్క్రీన్ ముందు ఎంతసేపు కూర్చున్నానో మా ఆవిడనడగాలి. ఇంజిన్ మాత్రం పాత డీజిల్, ఒకవైపు పొట్టి ముక్కు, రెండోవైపు పొడుగు ముక్కు ఉండే డబ్ల్యూడీఎం రకం. పొడుగు ముక్కు లోపల బండిని నడిపే బ్యాటరీ పెట్టె, అంటే హబ్, దాక్కుంటుంది, ఆ ఎంపిక వెనక అసలు కారణం అదే.

రెండో బండి ఏది కట్టాలా అని ఆలోచించక్కర్లేకపోయింది. బొబ్బిలి నుంచి సాలూరుకి రైల్‌బస్సు నడిచేది, ఎక్కినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒక్కటే పెట్టె, వెనక తోక లేదు, ఎంత బిగుతు వంపులోనైనా తిరిగేస్తుంది. లెగో పట్టాలకి అంతకన్నా నప్పే బండి మన జిల్లాలో ఇంకోటి లేదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్నలైను బండి మీద కూడా మనసుపోయింది. దాని గేజ్ 2 అడుగుల 6 అంగుళాలు, కాబట్టి ఇదే పట్టా మీద కడితే స్కేలు 20వ వంతు దగ్గరకొస్తుంది. అంత పెద్ద ఇంజిన్‌లో లెగో బొమ్మ డ్రైవర్‌ని కూర్చోబెడితే కిటికీలోంచి టోపీ కూడా కనబడదు. ఆ ముచ్చట వాయిదా వేశాను.

బల్ల సంగతి త్వరగా తేలిపోయింది. టింబర్ డిపోలో 8 అడుగులకి 4 అడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి రెండు పాత బెంచీల మీద వేశాను. నాలుగు అడుగులంటే 152 స్టడ్‌లు. గుండ్రం వంపు 88 స్టడ్‌లలో అయిపోతుంది, మిగిలిన చోటులో రెండు పొడుగు వైపులా, బళ్లు పక్కకి తప్పుకోవడానికి, లూప్ లైన్లు పడతాయి. ఒక వైపు లూప్ విజయనగరం, ఎదుటి వైపు లూప్ బొబ్బిలి. రెండు కొసల్లో అర్ధచంద్రాకారంగా ఉండే వంపులు రెండు స్టేషన్ల మధ్య సింగిల్ లైన్లు. ఇంజిన్, రెండు పెట్టెలు కలిపితే నా ప్యాసింజర్ దాదాపు 85 సెంటీమీటర్లు, వంపు చూస్తే మీటరు. బండి పొడుగంతే ఊళ్ల మధ్య దూరం! నవ్వుకోండి, పర్వాలేదు.

కరెంటు విషయంలో లెగో రైళ్లు చాలా అవతారాలు ఎత్తాయి. 1966లో 4.5 వోల్ట్‌లు, 1969లో 12 వోల్ట్‌లు, 1991లో పట్టాలోనే కరెంటు పారే 9 వోల్ట్‌ల పద్ధతి. ఆ 12 వోల్ట్‌ల కాలంలోనే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పాయింట్లు, సిగ్నళ్లు దూరం నుంచి మార్చే సరంజామా కూడా ఉండేది. 2018 నుంచి పవర్డ్ అప్ అనే పద్ధతి వచ్చింది. పట్టాలు ఒట్టి ప్లాస్టిక్, కరెంటు బండి లోపలి సెల్లులోంచి, ఆజ్ఞలు బ్లూటూత్ మీద. హబ్‌కి రెండు పోర్టులుంటాయి, టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లులు ఆరు పడతాయి. ఒక పోర్టుకి మోటారు, ఇంకో పోర్టుకి కలర్ సెన్సర్. అంతటితో హబ్ నిండిపోతుంది. కొనేవాళ్లకి ఒక జాగ్రత్త చెప్తాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు వెనకటి తరం మోటారు పంపాడు. చూడ్డానికి రెండూ ఒకటే, ప్లగ్గు మాత్రం కొత్త హబ్‌లో దూరదు. ఫొటోలో ప్లగ్గు కనిపించకపోతే అడిగి తెప్పించుకుని చూడండి.

కంపెనీ యాప్‌తో బండిని ఫోన్ నుంచి నడపొచ్చు. దానంతటది నడవాలంటే నేను ఎంచుకున్నది పైబ్రిక్స్ అనే సాఫ్ట్‌వేర్. హబ్ లోపల కంపెనీ వేసిన ఫర్మ్‌వేర్ తీసేసి దీన్ని ఎక్కిస్తే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్న ప్రోగ్రామ్ హబ్ లోపలే నడుస్తుంది. ఒకసారి ఎక్కించాక కంప్యూటర్‌తో పనిలేదు, హబ్ మీద బటన్ నొక్కితే చాలు. క్రోమ్ బ్రౌజర్, బ్లూటూత్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కించడం నిమిషాల్లో అయిపోతుంది. పైథాన్‌లో రాసుకునేవాళ్లకి డబ్బు కట్టక్కర్లేదు. వద్దనుకుంటే పాతది మళ్లీ వేసుకోవచ్చు.

నడపడం ఒక్క లైను. మోటారుకి ఇంత శాతం ఇవ్వు అంటే ఇస్తుంది, బండి కదులుతుంది. ఆపడంలో ఉంది అవస్థంతా.

బండి ఎక్కడుందో బండికి తెలియాలి. అందుకోసం పట్టాల మధ్య స్లీపర్ల మీద రంగు ముక్కలు అతికించాను. ప్లాట్‌ఫాం మొదట్లో పసుపు, చివర ఎరుపు. పసుపు కనిపిస్తే నెమ్మదించాలి, ఎరుపు కనిపిస్తే ఆగాలి. సెన్సర్‌ని ఇంజిన్ వెనక పెట్టె కింద, స్లీపర్లకి ఒక ముక్క ఎత్తులో, కిందికి చూసేలా బిగించాను. చెప్పినంత సులువుగా చూడదది. సెకనుకి 40 సెంటీమీటర్ల వేగంతో వెళ్తుంటే రెండు స్టడ్‌ల ముక్క దాని కళ్ల ముందు ఉండేది 40 మిల్లీసెకన్లే, చూస్తే చూస్తుంది, లేకపోతే లేదు. నాలుగు స్టడ్‌ల ముక్క వేశాక తప్పిపోవడం ఆగింది. ఆ తర్వాత లేనివి కనిపించడం మొదలైంది. స్లీపర్ల సందుల్లోంచి కనిపించే ప్లైవుడ్‌ని అది పసుపనుకునేది. బండి ఖాళీ పట్టా మీద, ఏ కారణం లేకుండా, పెళ్లివారి కారులా నెమ్మదించేది. పట్టాల కింద పొడుగునా ముదురు బూడిద రంగు చార్ట్ పేపర్ పరిచాక ఆ జబ్బు కుదిరింది. ముక్క అంచు దగ్గర సగం ఎరుపు, సగం బూడిద రంగు కలిసి ఇంకేదో రంగులా కనిపించే గొడవ ఒకటుంది. దానికి రంగు పేరు అడగడం మానేసి, రంగు ఎంత గాఢంగా ఉందో అంకె అడిగాను. వరసగా రెండుసార్లు ఒకటే జవాబొస్తేనే నమ్మమని రాశాను.

ఇంత చేసినా పొద్దున సరిగ్గా ఎరుపు మీద ఆగిన బండి సాయంత్రానికి ముందే చతికిలబడేది. కొత్త సెల్లు వేసిన రోజు ఎరుపు దాటి పాయింటు మీదికి వెళ్లిపోయేది. కారణం మోటారులో ఉంది. ఈ రైలు మోటారుకి తాను ఎంత తిరిగిందో కొలుచుకునే సెన్సర్ లేదు. 50 శాతం ఇవ్వు అంటే సెల్లులో ఉన్న వోల్టేజ్‌లో సగం ఇస్తుంది, అంతే. కొత్త మామూలు సెల్లు ఆరూ కలిపి 9 వోల్ట్‌లు. చార్జింగ్ సెల్లు అయితే ఒక్కోటి 1.2 చొప్పున 7.2. అదే 50 శాతం, వేగం మాత్రం వేరు. మందు చిన్నదే. సెల్లుల వోల్టేజ్ ఎంతుందో హబ్‌నే అడగొచ్చు. ప్రతిసారీ అడిగి, మోటారుకి ఎప్పుడూ 4 వోల్ట్‌లే అందేలా శాతాన్ని లెక్కగట్టమన్నాను. 7.2 ఉంటే 56 శాతం, 9 ఉంటే 44. ఒక చిన్న భాగహారంతో బండి పొద్దునా సాయంత్రం ఒకేచోట ఆగడం మొదలెట్టింది. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. సెల్లు మార్చినప్పుడల్లా ప్రోగ్రామ్‌లో అంకెలు మార్చుకుంటూ కూర్చున్నవాళ్లని చాలామందిని చూశాను.

ఇక పాయింట్లు. లూప్‌లోకి బండి మళ్లాలంటే పాయింటు మారాలి, దానికి ఇంకో మోటారు, ఇంకో హబ్, ఇంకో ఖర్చు. ఇక్కడ లెగో పాయింటులోని ఒక గుణం కలిసొచ్చింది. ఎదురు వైపు నుంచి, అంటే రెండు లైన్లు కలిసేవైపుగా బండి వస్తే, పాయింటు ఎటు పెట్టి ఉన్నా చక్రాలు దాన్ని తోసుకుంటూ వెళ్లిపోతాయి, తర్వాత స్ప్రింగులా వెనక్కి వస్తుంది. కాబట్టి నాలుగు పాయింట్లనీ లోపలికొచ్చే బండి ఎడమ లైనుకి మళ్లేలా పెట్టి వదిలేశాను. ప్యాసింజర్ ఎప్పుడూ తన ఎడమ లైన్లోకే వస్తుంది, రైల్‌బస్సు దాని ఎడమకి. బయటికి వెళ్లేటప్పుడు తోసుకుంటూ పోతాయి. మోటారు ఒక్కటీ అక్కర్లేదు. చక్రాలకి తగిన బరువు ఉండాలంతే. తేలిక పెట్టె అయితే ఆ తోపులో పట్టా ఎక్కేస్తుంది. బరువు పెట్టె వెనకుండి తేలికది ఇంజిన్ పక్కనుంటే వంపులో తేలికది లోపలికి పడిపోతుంది కూడా. రెండు పెట్టెల అడుగునా పాత ఇనప నట్లు నింపాను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. బండి ఆగుతోంది. మళ్లీ ఎప్పుడు కదలాలి?

మొదట నేను చేసింది మూడో హబ్ ఒకటి బల్ల మూల పెట్టి దాన్ని అన్నింటికీ పెద్దని చెయ్యడం. పైబ్రిక్స్‌లో హబ్‌లు ఒకదాని మాట ఒకటి వినగలవు. ఒక్కో హబ్ తన చానల్ మీద చిన్న కబురు ప్రసారం చేస్తూ ఉంటుంది, మిగతావి చెవి ఒగ్గి ఉంటాయి. పెద్ద హబ్ "వెళ్లు" అంటున్నంతసేపూ బండి వెళ్లాలి, కబురు తెగిపోతే ఆగిపోవాలి. రైల్వేలో కూడా సిగ్నల్ పాడైతే ఎరుపు మీదే ఉండాలి కదా, ఆ ధోరణిలో రాసుకున్నాను. కానీ వైఫై రూటరూ, మూడు హబ్‌లూ, ఇంట్లో ఫోన్లూ అన్నీ ఒకే గదిలో గోల పెడుతుంటే కబురు మధ్యమధ్యలో జారిపోతుంది. బండి సరిగ్గా వంపు నడుమ నిలబడిపోయేది. మళ్లీ కబురు అందగానే ఉలిక్కిపడినట్టు కదిలేది.

మావయ్య ఒక ఆదివారం భోజనానికి వచ్చి ఈ తంతు చూశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బండి మధ్య సెక్షన్‌లో నిలబడిపోతంది, దానికి లైను ఎవలిచ్చినారు అల్లుడూ?" అన్నారు. ఆ హబ్ ఇస్తుంది మావయ్యా, కబురు ఆగిపోతే బండి ఆగిపోతుంది, అది జాగ్రత్త కోసం అని చెప్పాను. ఆయనకి నచ్చలేదు. "బంతి చేతిలో ఉన్నాక డ్రైవర్‌కి స్టేషన్‌తో ఏటి పని?"

అప్పుడు చెప్పారు నీల్స్ బాల్ టోకెన్ సంగతి. సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్లలోనూ చెరో యంత్రం ఉండేది, రెండింటినీ కరెంటు తీగ కలిపేది. పక్క స్టేషన్ మాస్టర్ ఒప్పుకుంటేనే ఈ యంత్రంలోంచి ఒక ఇనప బంతి బయటికి వస్తుంది. ఒకటి బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాల్లో ఏదీ ఇంకో బంతి వదలదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, దానికున్న పెద్ద రింగు పట్టుకుని డ్రైవర్‌కి అందించాలి. బంతి తన దగ్గరుందంటే ఆ రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లో ఇంకో బండి లేదని అర్థం. దారిలో సిగ్నల్ అందినా అందకపోయినా, ఎవరు పిలిచినా పిలవకపోయినా, అవతలి స్టేషన్ చేరి బంతి అప్పజెప్పేదాకా లైను ఆయనదే. నడిచే బండిలోంచి రింగు అందుకోవడంలో ఎవరి భుజం ఎలా వాచిందో కూడా వివరంగా చెప్పారు, అది వేరే కథ.

నేను ఆ రాత్రే ప్రోగ్రామ్ చెరిపి మళ్లీ రాశాను. పెద్ద హబ్ దగ్గర రెండు బంతులు, తూర్పు వంపుకి ఒకటి, పడమటి వంపుకి ఒకటి. ఎరుపు మీద ఆగి ఉన్న బండి "నేను ఫలానా వంపులోకి వెళ్లాలి" అని అడుగుతుంది. ఆ బంతి ఖాళీగా ఉంటే పెద్ద హబ్ దాని పేరు మీద రాస్తుంది. తన పేరు వినబడేదాకా బండి కదలదు. కబురు అందకపోతే బంతి దక్కనట్టే, ప్లాట్‌ఫాం మీదే నిలబడుతుంది. ఒక్కసారి బంతి దక్కాక మాత్రం పెద్ద హబ్ మాట వినడం మానేసి, తన కళ్లతో పసుపు చూసి, ఎరుపు చూసి, ఆగి, "చేరాను, బంతి తీసుకో" అంటుంది. వదలడం మాస్టర్ పని, ఆపడం బండి పని. ఈ విభజనతో వంపు మధ్యలో నిలబడిపోవడం పూర్తిగా పోయింది. కబురు కాస్త ఆలస్యమైతే బండి కాస్త ఆలస్యంగా బయల్దేరుతుంది, నష్టం లేదు. పైగా నేను విడిగా ఒక్క లైను కూడా రాయకుండానే క్రాసింగ్ వచ్చేసింది! రైల్‌బస్సు తేలిక కాబట్టి ముందుగా బొబ్బిలి చేరుతుంది. దానికి కావలసిన వంపులో ప్యాసింజర్ ఇంకా ఉంటుంది, బంతి దొరకదు, నిలబడుతుంది. ప్యాసింజర్ వచ్చి పక్క లైన్లో ఆగి బంతి అప్పజెప్పాక అది కదులుతుంది. గజపతినగరంలో చెట్టు కింద నిలబడి చూసిందంతా ఇదే.

మావయ్యకి చూపించాను. తల ఊపారు. తర్వాత బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "ఎల్‌వీ సూసినావా?" అన్నారు.

లెగో పెట్టెలు అయస్కాంతాలతో తగులుకుని ఉంటాయి. లూప్‌లోకి వచ్చేచోట పాయింటు ఒకవైపుకి, వెంటనే వచ్చే వంపు ముక్క ఇంకోవైపుకి తిప్పుతాయి, ఆ మెలికలో చివరి పెట్టె ఊడిపోవడం అప్పుడప్పుడూ జరిగేదే. సెన్సర్ ఉన్నది ముందు పెట్టె కింద. ఇంజిన్, ముందు పెట్టె స్టేషన్‌కి చేరి, చివరి పెట్టె వంపులో ఉండిపోయినా ప్యాసింజర్ నిజాయితీగానే "చేరాను" అంటుంది. బంతి రైల్‌బస్సుకి వెళ్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర రోజు ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు తెలిసింది. దసరా తర్వాతి మంగళవారం మా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా పల్లెల నుంచి వచ్చిన జనం. సిరిమాను ఊరేగింపు మొదలయ్యేదాకా పిల్లలంతా మేడ మీదే ఉన్నారు. రైల్‌బస్సు వెళ్లి ఊడిపోయిన పెట్టెని గుద్దింది, ముక్కలు మంచం కిందికి పోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టి, "మళ్లీ గుద్దించండి మావయ్యా" అని నా వెంటపడ్డారు. మా మావయ్య మాత్రం నవ్వలేదు. 2023 అక్టోబర్ 29 రాత్రి మన జిల్లాలోనే కంటకాపల్లి, అలమండల మధ్య రాయగడ ప్యాసింజర్ వెళ్లి ముందున్న పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి గుద్దింది. ఆ మర్నాడంతా ఆయన టీవీ ముందు నుంచి లేవలేదని అత్తయ్య చెప్పింది. పిల్లల్ని కిందికి పంపేసి, మంచం కింద ముక్కలు ఏరడంలో నాకు సాయం చేశారు.

రైలు చివరి పెట్టెకి పసుపు బోర్డు మీద ఎల్‌వీ అని రాసి ఉంటుంది, అందరూ చూసే ఉంటారు. ఆఖరి పెట్టె అని దాని అర్థం. స్టేషన్‌లో మనిషి ఆ బోర్డు కళ్లారా చూశాకే బండి పూర్తిగా వచ్చినట్టు లెక్క, వెనక లైను ఖాళీ అయినట్టు లెక్క. నేను దాన్ని ఇలా చేశాను. చివరి పెట్టె పక్కగోడకి ఒక పసుపు ముక్క అతికించాను. పెట్టెలకి ఎక్కడా పసుపు లేదు కాబట్టి పొరబాటుకి తావులేదు. రైల్‌బస్సుకీ ఒకటి పెట్టాను. పెద్ద హబ్‌కి ఉన్న రెండు పోర్టులకీ రెండు కలర్ సెన్సర్లు తగిలించి, వంపుకొకటి చొప్పున పట్టా పక్కన నిలబెట్టాను. బండి "చేరాను" అన్నా సరే, ఆ వంపు దగ్గర సెన్సర్ పసుపు చూసి ఉంటేనే బంతి ఖాళీ అవుతుంది. రెండు షరతులూ తీరాలి.

పరీక్షకి కావాలనే చివరి పెట్టె ఊడదీసి వంపు మొదట్లో వదిలేశాను. ఇంజిన్ వచ్చి ఆగింది, "చేరాను" అంది. రైల్‌బస్సు కదల్లేదు. ఎంతసేపైనా కదల్లేదు. నాకు అంతకన్నా ఏం కావాలి! మావయ్యకి ఫోన్ చేశాను, సాయంత్రం వచ్చేశారు.

ఆయన చూసి అడిగిన మొదటి ప్రశ్న, ఆ సెన్సర్ వంపు మధ్యలో ఎందుకుందని. ఒక వంపుకి ఒక్కటే సెన్సర్ ఉంది మావయ్యా, బళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి కాబట్టి మధ్యలో పెట్టాను అన్నాను. "సగం దారిలో సూసి లైన్ క్లియర్ ఇచ్చేస్తావేటి? మిగతా సగంలో ఊడిపోతే?" నిజమే. ఊడేది ఎక్కువగా స్టేషన్ మొదట్లో మెలిక దగ్గరే, అది సెన్సర్ దాటాక వస్తుంది. సరిగ్గా చెయ్యాలంటే రెండు స్టేషన్లకీ రెండేసి కొసల్లో నాలుగు సెన్సర్లు కావాలి, వాటికి ఇంకో హబ్ కావాలి. అవి ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.

ఈలోగా మావయ్య ఒక ఏర్పాటు చేశారు. పెట్టెకీ రైల్‌బస్సుకీ ఉన్న పసుపు ముక్కలు ఊడదీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు. ఆదివారాలు వచ్చి బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. బండి చివరి పెట్టె పాయింటు దాటి పూర్తిగా లూప్‌లోకి వచ్చిందని చూసుకుని, జేబులోంచి ఒక ముక్క తీసి సెన్సర్ ముందు పెడతారు. అప్పుడు ఎదురుబండి కదులుతుంది.